పిల్లి తలుపుకి హ్యాకర్ భయం ఎందుకు, ముందు పక్కింటి గండుపిల్లి సంగతి చూడండి

మీ ప్రశ్న మొత్తం చదివాను. పిల్లి ఒంట్లోని చిప్‌ని చదివి దానంతటదే తెరుచుకునే తలుపు పెట్టించాలనుకుంటున్నారు. ఎవడో ఆ చిప్ నంబరు కాపీ కొట్టి ఇల్లు దోచేస్తాడేమోనని టెన్షన్, వైఫై ఉన్న మోడల్ కొనాలా వద్దా అని డౌటు, కెమెరా ఉన్నదైతే ఇంకా భద్రంగా ఉంటుందేమోనని ఒక ఆశ. నేను తాళాలు, యాక్సెస్ కంట్రోల్ సిస్టమ్‌లు బిగించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పెట్ డోర్లు అందులో చిన్న భాగమే కానీ, నవ్వాపుకోలేని కంప్లయింట్లన్నీ వీటి మీదే వస్తాయి. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు పొట్టి జవాబు. చిప్ కాపీ కొట్టచ్చా? కొట్టచ్చు, పెద్ద కష్టం కూడా కాదు. దానివల్ల ఇంట్లో దొంగలు పడతారా? ఎవడూ అంత శ్రమ తీసుకోడు, ఎందుకంటే తలుపుకి కన్నం పెట్టించిన రోజే అంతకన్నా తేలికైన దారి మీరే వాడికి తయారుచేసి ఇచ్చేశారు.

చిప్ సంగతి చూద్దాం. పిల్లి భుజాల మధ్య చర్మం కింద పెట్టే ఆ వస్తువు సుమారు 12 మిల్లీమీటర్ల పొడవున్న గాజు గొట్టం. అందులో బ్యాటరీ ఉండదు. తలుపులోని రీడర్ 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తే, ఆ శక్తితోనే చిప్ మేలుకుని తన 15 అంకెల నంబరు చెప్పేస్తుంది. మొదటి మూడు అంకెలు దేశానికో తయారీదారుకో సంబంధించినవి, మిగతా 12 ఆ జంతువువి. ఐఎస్‌ఓ 11784, 11785 అని దీనికి అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. తప్పిపోయిన జంతువు ఎక్కడ దొరికినా ఏ డాక్టరు స్కానరుతోనైనా చదవగలగాలి, ఆ ప్రమాణం ఉద్దేశమే అది. అంటే ఎవరడిగినా, ఎన్నిసార్లడిగినా అదే నంబరు గట్టిగా చెప్పడమే దాని డ్యూటీ. అందులో రహస్యమంటూ ఏమీ లేదు. బ్యాంకు కార్డు చిప్ అయితే మెషీన్ ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న వేస్తుంది, లోపల దాచుకున్న రహస్యంతో కార్డు లెక్కగట్టి జవాబివ్వాలి. ఇక్కడ అదేం లేదు. గుమ్మంలో ఎవరో నిలబడి "నేను మీ అబ్బాయినే" అంటే మొహం చూడకుండా గడియ తీసేసినట్టే.

పైగా ఆ నంబరు మీరు దాచుకుంటున్నది కూడా కాదు. టీకాల పుస్తకంలో స్టిక్కర్ రూపంలో అంటించి ఉంటుంది, "మా బుజ్జిగాడికి టీకా అయిపోయిందోచ్" అని మీరే ఆ పేజీ ఫొటో తీసి పదిమందికి పంపి ఉంటారు. నంబరు తెలిస్తే టీ5577 లాంటి, మళ్లీ మళ్లీ రాయగలిగే చిప్ మీద దాన్ని ఎక్కించడానికి అందుకు తగ్గ రీడర్-రైటర్ ఒకటి ఉంటే చాలు. ప్రాక్స్‌మార్క్, ఫ్లిప్పర్ జీరో లాంటి పరికరాలతో అభిరుచి కొద్దీ చేసేవాళ్లు బోలెడుమంది. మెడపట్టీకి తగిలించే పాతరకం 125 కిలోహెర్ట్జ్ ట్యాగులదీ ఇదే కథ, వాటిలో చాలావాటికి కూడా నంబరు చెప్పడం తప్ప ఏమీ రాదు.

నంబరు తెలియకపోతే? ఇక్కడ మీకు కొంచెం మంచి వార్త ఉంది. జంతువు గుర్తింపుకి కేటాయించింది 38 బిట్లు, అంటే 27 వేల కోట్లకి పైగా నంబర్లు. సెకనుకి ఒకటి చొప్పున వరసగా ప్రయత్నించినా అన్నీ అయ్యేసరికి 8,700 ఏళ్లు పడుతుంది. అంతకాలం మీ పెరట్లో గొంతుక్కూర్చునేంత ఓపికున్నవాడు దొంగతనంలోకి దిగడు, వాడికి ఎక్కడైనా మంచి గవర్నమెంటు ఉద్యోగం వచ్చేస్తుంది. నేరుగా పిల్లి దగ్గరే చదవాలంటే రీడర్ దానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలోకి రావాలి, అంటే హ్యాకర్ ముందు మీ పిల్లిని ఎత్తుకోవాలి. మీ పిల్లి ఎలాంటిదో నాకు తెలీదు కానీ, నేను చూసిన పిల్లుల్లో చాలావరకు ఈ విషయంలో ఏ ఎన్‌క్రిప్షన్‌కీ తీసిపోవు.

సరే, వాడు అన్నీ చేశాడనే అనుకుందాం. నంబరు దొరికింది, నకిలీ చిప్ తయారైంది, అర్ధరాత్రి వచ్చి తలుపు ముందు పెట్టాడు, టిక్‌మని లాక్ తెరుచుకుంది. ఇప్పుడేం చేస్తాడు? వాడి ముందున్నది పిల్లి పట్టేంత కన్నం. అందులోంచి చెయ్యి దూర్చాలి. ఆ చెయ్యేదో ముందే దూర్చచ్చుగా! చాలా మోడళ్లలో ఫ్లాప్‌ని, అంటే ఆ కన్నానికి అడ్డంగా ఊగే పలకని, పట్టి ఉంచేది వేలెడంత ప్లాస్టిక్ నాలుక. అది పిల్లి తలతో నెట్టే బలానికి తట్టుకునేలా చేసింది, మోకాలితో పొడిచే మనిషికి కాదు. ఒకడు లాప్‌టాప్ తెరిచి కేబుల్ వెతుక్కునేలోపు ఇంకొకడు ఒక్క తోపు తోసి పని కానిచ్చేసి వెళ్లిపోతాడు.

అందుకే నేను ఎవరికి చెప్పినా ఒకటే చెబుతాను: లాక్ ఎంత గొప్పదైనా సరే, ఆ కన్నం ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకుని మిగతా ఏర్పాట్లు చేసుకోండి. ఫ్లాప్ మీది ఎలక్ట్రానిక్స్ ఏ జంతువు రావాలో తేల్చడానికి. మనుషుల్ని ఆపడం దాని పని కాదు, ఆపుతుందని దాని డబ్బా మీద రాసి ఉన్నా నమ్మకండి.

ఈ కన్నం గొడవ ఇవాళ్టిది కూడా కాదు. ఇంగ్లండులోని ఎక్సెటర్ కేథడ్రల్‌లో ఖగోళ గడియారం కింద ఉన్న తలుపుకి పిల్లి కోసం చేసిన గుండ్రటి కన్నం ఇప్పటికీ ఉంది. 1598లో వడ్రంగికి 8 పెన్నీలు ఇచ్చి చేయించారని అక్కడి లెక్కల్లో ఉంది. గడియారం యంత్రానికి రాసే కొవ్వు కోసం ఎలుకలు చేరేవట, వాటి పని పట్టడానికి పిల్లి వెళ్లే దారి అది. బ్యాటరీ లేదు, యాప్ లేదు, అప్‌డేట్లు లేవు. ఎవరు పడితే వాళ్లు రావచ్చు. నాలుగు శతాబ్దాలు దాటాక మనం దానికి రేడియో, మోటారు, క్లౌడు అన్నీ తగిలించాం. కన్నంలో పడతావా పడవా అన్న పాత రూలే మాత్రం ఇంకా చివరి మాట.

కాబట్టి మీరు అడగాల్సిన అసలు ప్రశ్న, ఆ కన్నంలోంచి చెయ్యి పెడితే ఏమందుతుంది అని. ఇంట్లో ఎవరివైనా పొడుగు చేతులుంటే బయట కూర్చోబెట్టి భుజం దాకా దూర్చమనండి. లోపలి గొళ్ళెం అందుతోందా? తిప్పితే తెరుచుకునే నాబ్ అందుతోందా? తాళంచెవి లోపలి నుంచి తాళానికే వేలాడుతోందా? (మూడో ప్రశ్నకి చాలామంది కాసేపు మాట్లాడరు.) ఇప్పుడు అదే చేతికి చివర వంచిన తీగ కట్టిన కర్రొకటి ఇవ్వండి. ఏం అందుతుందో చూస్తే మీకు ఆ రాత్రి నిద్ర పట్టదు, హ్యాకర్ మాత్రం గుర్తుకే రాడు. గుమ్మం పక్కన మేకుకి తగిలించిన కారు తాళాలు, కింద పెట్టిన హ్యాండ్‌బ్యాగు, చార్జింగులో ఉన్న ఫోను, అన్నీ ఆ కర్ర పరిధిలోకే వస్తాయి. వీధి తలుపు ఉత్తరాల కంతలోంచి తాళాలు లాగేసే దొంగల గురించి పోలీసులు హెచ్చరిస్తూనే ఉంటారు. పిల్లి తలుపు దానికంటే చాలా పెద్ద కంత.

దీనికి విరుగుడు ఉంది, పాతకాలపుదే. ఫ్లాప్‌ని తలుపు మధ్యలో కాకుండా గడియకి దూరంగా, మడతబందులున్న వైపు కింద పెట్టించండి. కుదిరితే తలుపుకి కాకుండా గోడకి పెట్టించండి. లోపల చేత్తో తిప్పే నాబ్ బదులు రెండువైపులా తాళంచెవి పట్టే లాక్ వేస్తే చెయ్యి దూరినా లాభం ఉండదు. కానీ నిప్పంటుకుంటే ఇంట్లోవాళ్లే బయటికి రాలేని పరిస్థితి వస్తుంది, కాబట్టి ఆ చెవి కన్నంలోంచి అందని చోట, ఇంట్లో అందరికీ చీకట్లో కూడా తెలిసే చోట ఉండాలి. ఈ ఒక్క విషయంలో జోకుల్లేవు. అద్దె ఇళ్లలో మీ ఇష్టం వచ్చినట్టు లాక్ మార్చేయకండి, ఓనరుని అడగండి.

కుక్క తలుపులైతే కథ ఇంకా ముదురుతుంది. పెద్ద జాతి కుక్క పట్టే ఫ్లాప్‌లో సన్నగా ఉన్న మనిషి కూడా పడతాడు. అంత పెద్ద కుక్క ఉండగా ఎవడొస్తాడండీ అంటారు. నిజమే, కొన్ని కుక్కలు ఉన్నాయంటేనే భయం. మిగతావి మాత్రం వచ్చినవాడి చెయ్యి నాకి, బొమ్మ తెచ్చి ముందు పెడతాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత ఊరికే రాలేదు కదా.

ఇక అసలు చొరబాటుదార్ల దగ్గరికొద్దాం. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం మనుషుల గురించి కాదు, పక్కింటి గండుపిల్లి గురించి. చిప్ చదివే తలుపులు కనిపెట్టిందే దీనికోసం. ఆ గండుపిల్లి మాత్రం ఏ మాన్యువల్ చదవకుండానే వాటి లోపాలన్నీ పట్టేస్తుంది.

మొదటిది, చాలా బేసిక్ మోడళ్లు లోపలికొచ్చేటప్పుడే చిప్ చదువుతాయి, బయటికెళ్లడానికి అడ్డు చెప్పవు. అంటే ఫ్లాప్ బయటవైపుకి ఎప్పుడూ ఊగుతుంది. తెలివైన పిల్లి బయట కూర్చుని అంచు కింద గోరు తగిలించి తనవైపు లాక్కుని, ఆ సందులో తల పెట్టేస్తుంది. చిప్ లేదు, నంబరు లేదు, కేవలం గోరు. దీన్ని ఆపాలంటే రెండువైపులా చదివే మోడల్ తీసుకోవాలి. రెండోది, మీ పిల్లి లోపలికి వచ్చాక లాక్ మళ్లీ పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. గండుపిల్లి సరిగ్గా ఆ సెకన్లలోనే వెనకాలే వస్తుంది. ఆఫీసుల్లో ఇంకొకరి కార్డు వెనకాల దూరిపోయేవాళ్లని ఆపడానికి కంపెనీలు తిరిగే గేట్లు పెట్టుకుంటాయి, పిల్లికి అలాంటి గేటు ఇంతవరకూ ఎవరూ చేయలేదు. లాక్ పడే సమయాన్ని తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించండి, కానీ మరీ తగ్గిస్తే మీ పిల్లి తోక ఇరుక్కుంటుంది, అప్పుడది తలుపు మొహమే చూడదు.

మూడోది నాకు చాలా ఇష్టమైంది, నేర్చుకునే మోడ్. బటన్ నొక్కితే తలుపు తర్వాత వచ్చే చిప్ నంబరుని గుర్తుపెట్టుకుంటుంది. ఒక కస్టమరు బటన్ నొక్కి, తన పిల్లిని పిలవడానికి లోపలికెళ్లారు. ఆ పిల్లి ఎప్పటిలాగే పిలిస్తే రాలేదు. ఈలోపు పక్కింటి పిల్లి, దానికీ చిప్ ఉంది, ఏమిటీ కొత్త వస్తువు అని వచ్చి తల పెట్టి చూసింది. తలుపు దాన్ని కుటుంబసభ్యుల్లో చేర్చేసుకుంది. తర్వాత నెలల తరబడి వాళ్ల కంప్లయింటు ఒకటే, "మీ తలుపు మా పిల్లిని రానివ్వదు, పక్కింటిదానికి మాత్రం రాచమర్యాదలు." తలుపు తప్పేమీ లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. నేర్చుకునే మోడ్‌లో పెట్టేముందు మీ పిల్లిని చేతిలో పట్టుకుని ఉండండి, అంతే. పాత వాడేసిన తలుపు కొంటే మెమరీ మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టండి, కొన్ని మోడళ్లలో 32 జంతువుల దాకా గుర్తుంటాయి, మీకు ముందు ఎవరెవరున్నారో తెలీదు.

చిప్ బదులు మెడపట్టీలోని అయస్కాంతంతో తెరుచుకునే తలుపుల కాలం ఇంకా అన్యాయం. అయస్కాంతానికి పేరూ ఊరూ ఉండవు. మీ పిల్లి మెడలో ఏదుందో వీధిలో ఇంకో పది పిల్లుల మెడల్లోనూ అదే, ప్రతి తలుపూ అందరిదీ. పైగా అలాంటి పిల్లి దారిలోని మేకులు, మరలు, క్లిప్పులు మెడకి అంటించుకుని ఇంటికొస్తుంది. ఇప్పుడు అవి కొనమని ఎవరైనా చెబితే వినకండి.

బ్లూటూత్ లేదా రేడియో సిగ్నల్ పంపే కాలర్ ట్యాగులది ఇంకో రకం తమాషా. ఇవి కొంత దూరం నుంచే పనిచేస్తాయి, ఎక్కువగా మోటారు ఉన్న కుక్క తలుపులకి వాడతారు. సిగ్నల్‌కి తలుపు లోపలా బయటా తేడా తెలీదు, అది చెక్కలోంచి హాయిగా వెళ్లిపోతుంది. కుక్క తలుపుకి లోపల పడుకుని గుర్రుపెడుతుంటే, "అయ్యగారు బయటికి వెళ్తారు కాబోలు" అని తలుపు రాత్రంతా తెరిచి పట్టుకుని నిలబడుతుంది. కుక్క నిద్రలో దొర్లినప్పుడల్లా తలుపు మూసుకుని మళ్లీ తెరుచుకుంటుంది. యాంటెన్నా దిశా, దూరం సరిచూసి బిగించకపోతే వచ్చే బాధ ఇది, కొన్నాక మొదటి వారంలోనే పరీక్షించండి. ఇంకోటి, ట్యాగు ఊడి రోడ్డు మీద పడితే? కుక్క తప్పిపోతే దొరకాలని మనమే అదే పట్టీకి ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాసి కట్టి ఉంటాం. అంటే అడ్రసు రాసిన తాళంచెవిని కుక్క మెడలో వేసి ఊరి మీదికి పంపుతున్నామన్నమాట. ఈ ఒక్క కారణానికే ఒంట్లోని చిప్పే మేలంటాను, కనీసం అది ఊడి పడదు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పిల్లి విషయంలో అక్షరాలా నిజం. తలుపు చూసేది చిప్‌నే, నోట్లో ఏముందో చూడదు. అనుమతి ఉన్న సభ్యుడు బతికున్న ఎలుకని వెంటేసుకుని దర్జాగా వస్తాడు, మంచం కింద వదిలేస్తాడు. 2019లో ఒక అమెజాన్ ఉద్యోగి తన పిల్లి ఇలా వేటాడి తెస్తోందని విసిగిపోయి, వేల ఫొటోలతో ఒక ఏఐ మోడల్‌కి శిక్షణ ఇచ్చాడు. నోట్లో ఏదైనా ఉందని కెమెరా గుర్తిస్తే తలుపు కాసేపు లాక్ అయ్యేలా చేశాడు. ఇప్పుడు అలాంటివి మార్కెట్లోనూ ఉన్నాయి. కెమెరా గురించి మీరు అడిగారు కదా, దాని అసలు ఉపయోగం ఇదే. దొంగని అది ఆపదు, దొంగ మోచేతి ఫొటో తీసి పెడుతుంది. కొనాలనుకుంటే ఎలుకల కోసం కొనండి.

వైఫై మోడల్ విషయానికొస్తే, భయపడాల్సింది తలుపు తెరుస్తారని కాదు (తెరిస్తే పిల్లి కన్నమే కదా). చూడాల్సినవి వేరే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) కేవలం 60 పైచిలుకు ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతో లక్షల కెమెరాలు, రౌటర్లని లొంగదీసుకుంది. ఇంట్లో చౌకరకం వస్తువు ఏది వైఫైకి ఎక్కినా అలాంటి సైన్యంలో చేరే ప్రమాదం ఉంటుంది, మీ పిల్లి తలుపు రాత్రిపూట ఎవరి వెబ్‌సైటు మీదో దాడిలో పాల్గొంటూ ఉండచ్చు. 2019లో ఒక పరిశోధకురాలు టైముకి పెంపుడు జంతువుకి తిండి పెట్టే తన ఆటోమేటిక్ ఫీడర్‌ని పరిశీలిస్తుంటే, అదే రకానికి చెందిన దాదాపు 11 వేల ఫీడర్లు ఆమె చేతికి చిక్కాయి, ప్రపంచమంతటా ఎన్నో పిల్లుల భోజనం టైము ఒక్కరి చేతిలోకి వచ్చేసింది! ఆమె మంచావిడ కాబట్టి సరిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఇంకో కంపెనీ సర్వర్లు పడిపోతే స్మార్ట్ ఫీడర్లు రోజుల తరబడి ఆఫ్‌లైన్‌లో ఉండిపోయాయి. కాబట్టి కొనేముందు ఒకటి అడగండి, నెట్ లేకపోయినా తలుపు చిప్ చదివి తెరుచుకుంటుందా? లేదంటే వద్దు. కరెంటు పోతే, బ్యాటరీ అయిపోతే తెరిచి ఉండిపోతుందా, మూసి ఉండిపోతుందా? మాన్యువల్‌లో వెతకండి, మీ పిల్లి బయట ఉన్నప్పుడు తెలుసుకోవడం కంటే అది నయం.

యాప్‌లో పిల్లి ఎప్పుడు వచ్చిందీ ఎప్పుడు వెళ్లిందీ చరిత్ర ఉంటుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ, మీరు ఊళ్లో లేనప్పుడు ఆ లెక్కలు మారతాయి, అది చదివేవాడికి మీ ఇల్లు ఖాళీ అని అర్థమవుతుంది. యాప్ పాస్‌వర్డు ఇంకెక్కడా వాడనిది పెట్టండి, ఓటీపీ సదుపాయం ఉంటే ఆన్ చేయండి. వైఫైలో గెస్ట్ నెట్‌వర్క్ అని వేరేగా ఉంటే తలుపుని అందులో వేయండి. ఇంకో చిన్న పిచ్చి విషయం, మాట వినే స్మార్ట్ స్పీకర్ ఆ కన్నానికి దగ్గర్లో పెట్టకండి. బయట నుంచి ఫ్లాప్ ఎత్తి "తలుపు తెరువు" అని అరిస్తే అది మీరే అనుకోవచ్చు. స్మార్ట్ లాక్ ఉంటే మాటతో తెరిచే సదుపాయానికి పిన్ తప్పనిసరి చేయండి.

మీ పరిస్థితికి నేనైతే రెండువైపులా చిప్ చదివే, వైఫై లేని, బ్యాటరీ మోడల్ తీసుకుంటాను. గడియకి దూరంగా బిగిస్తాను. ఊరెళ్లేటప్పుడు లోపలి నుంచి పెట్టే గట్టి కవరు ఒకటి దానితోపాటే తీసుకుంటాను, చాలామంది అది డబ్బాలోనే ఉంచేసి మర్చిపోతారు. బిగించడానికి వచ్చినవాళ్లు కన్నం కోసేముందు మీ తలుపు గడియ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, ఫ్లాప్ ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో కొలిచి ఇక్కడ చెప్పండి, చెయ్యి అందుతుందో లేదో చూద్దాం. పిల్లి సైజు కూడా చెప్పండి, అది ఇంకా పెరిగే వయసులో ఉంటే ఇప్పటి కొలతతో కోయించకండి.